కదలకుండా ఉన్నంతసేపు

మే 4

కొత్త పెట్టె తయారైంది. ఫ్యాక్టరీలో శాంపిల్ అట్టపెట్టెలు కోసేది నేనే కనుక అట్టకి కరువు లేదు. లోపలంతా నల్లరంగు పూశాను. ముందువైపు కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కత్తిరించిన రేకుముక్క, దాని మధ్యలో సూదిమొనతో పొడిచిన బెజ్జం. లెన్సు లేదు, బటన్ లేదు, బ్యాటరీ అసలే లేదు. బెజ్జం మీది నల్లటేపు తీస్తే ఫోటో మొదలు, మళ్ళీ అతికిస్తే ఫోటో పూర్తి. ఫిల్ము దొరకడం గగనమైపోయింది కాబట్టి లోపల ఫోటోలు ప్రింటు వేసే బ్రోమైడ్ కాగితం పెడుతున్నాను, నెగటివ్ కూడా అదే. మా సూపర్‌వైజర్ చూసి, "చెప్పుల పెట్టెలా ఉందేంటండీ" అన్నాడు. కొలతలు చెప్పుల పెట్టెవే. వాడికి చెప్పలేదు.

పొద్దున అక్కని పార్లర్‌లో కూర్చోబెట్టి మొదటి ఫోటో తీశాను. మా ఇంటి ముందుగదే అక్క పార్లర్. రోడ్డువైపు గోడంతా అద్దం, ఎండ సరాసరి కస్టమర్ల కుర్చీ మీద పడుతుంది. అంత వెలుగున్నా నా బెజ్జానికి రెండు నిమిషాలు కావాలి. రెండు నిమిషాలు కదలకుండా కూర్చో తల్లీ అంటే, రోడ్డున పోతున్న ఎవరికో చెయ్యి ఊపింది, మెడ గోక్కుంది, టైలరు భార్యకి జుట్టు ఎందుకు ఊడుతోందో నాకు విడమరిచి చెప్పింది, మధ్యమధ్యలో దగ్గింది.

బాత్రూమ్‌లో ఎర్రబల్బు వేసుకుని కడిగి చూస్తే కుర్చీ దివ్యంగా వచ్చింది. దువ్వెనలు, సీసాలు, గోడగడియారం, అన్నీ వచ్చాయి. అక్క ఉండాల్సిన చోట మాత్రం పొగ.

"ఇదేంట్రా, నేనెక్కడ?"

"నువ్వు కదిలావు. కదిలినవి దీంట్లో నిలబడవు."

"వారమంతా కదలకండమ్మా, కదలకండమ్మా అని కస్టమర్లకి చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. ఆదివారం కూడా ఆ కుర్చీలో నేనే కదలకుండా కూర్చోవాలా? పోరా!"

బావ పోయినప్పటి నుంచి, నా సంసారం చెడినప్పటి నుంచి, ఈ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మాట్లాడే పని ఆమెది, వినే పని నాది. ఆ నోరు ఆగేది ఒక్కప్పుడే, కనుబొమలు తీయడానికి దారం కొస పళ్ళ మధ్య పట్టుకున్నప్పుడు. అప్పుడు తీద్దామంటే చేతులు ఆడుతుంటాయి.

మే 11

అక్క దగ్గు ఎంతకీ వదలడం లేదని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి చూపించాడు. ఎంత బాగా తీశారో! నలుపులు నలుపుగా, తెలుపులు తెలుపుగా, మధ్యలో బూడిదరంగులు ఎన్ని రకాలో. నాకు చచ్చినా ఆ బూడిదరంగులు రావు. ఎలా తీస్తారండీ అని అడగబోతే అక్క నా మోకాలు గిల్లింది.

ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయట. మెత్తగా ఉండాల్సినవి గట్టిపడితే గాలి పట్టదట. మందులున్నాయి, నెమ్మదింపజేస్తాయి అన్నాడు.

బయటికొచ్చాక, "తగ్గిపోతుందిలే అక్కా, మందులున్నాయన్నాడుగా" అన్నాను.

"తగ్గుతుందని ఆయన అనలేదురా."

"నెమ్మదిస్తుందన్నాడు. నెమ్మదించడం అంటే తగ్గడమే."

అక్క నావైపు చూసి, సరేలే అన్నట్టు నా చొక్కా కాలరు సరిచేసింది.

మే 12

నెమ్మదించడం అంటే తగ్గడమే.

మే 25

ఆఫీసులో, ఊళ్ళో లేని ఒకాయన బీరువా తీసి కొత్త బెజ్జాలకి రేకు వెతుక్కున్నాను. దొరికింది. సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పొడిచాను. భూతద్దంలో చూస్తే గుండ్రంగా ఉంది. ఫోటో తీయలేదు, మబ్బు.

అక్క ఇవాళ ఒక్క కస్టమర్‌కే జుట్టు కత్తిరించి, కుర్చీలో తనే కూర్చుండిపోయింది. "నిలబడి నిలబడి విసుగొచ్చిందిరా" అంది. ముప్పై ఏళ్ళుగా నిలబడుతున్న మనిషికి ఇప్పుడు విసుగు రావడం న్యాయమే.

జూన్ 8

ఇంట్లోకి ఒక మెషిన్ వచ్చింది. గదిలో గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి, సన్న గొట్టంతో అక్క ముక్కుకి పంపుతుంది. పగలూ రాత్రీ గురగురమంటూనే ఉంటుంది. నేల కూడా అదురుతుంది. నా పెట్టెని పెట్టిన బల్ల దాంతోపాటు వణుకుతోంది. ఇలా అయితే ఫోటోలు వచ్చినట్టే. ఫ్యాక్టరీ నుంచి మందపాటి ఫోమ్ ముక్కలు తెచ్చి బల్ల కాళ్ళ కింద పెట్టాను. ఇవాళ పొద్దంతా దీనికే సరిపోయింది.

అక్క పార్లర్ మూసేసింది. తన దగ్గర పనిచేసే ఆవిడకి కత్తెరలు, దువ్వెనలు ఇచ్చేసి, కస్టమర్లందరికీ ఫోన్లు చేసి అప్పజెప్పింది. ఒక్కొక్కరికీ వాళ్ళ జుట్టు సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో కూడా చెప్పింది. చివరికొచ్చేసరికి ఒక వాక్యానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. "అది వాడి ఫోటోలకి కావాలి" అంది.

జూన్ 22

అదిరింది!

మొదటిసారి మొహం పడింది. గడ్డం, బుగ్గల గీత, చెవులు, జుట్టు దువ్విన పాపిడి. కళ్ళు కాస్త అలికినట్టున్నాయి గానీ ఉన్నాయి. మంచి బెజ్జం పడితే సగం పని అయినట్టే అని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. ఫోమ్ కూడా పనిచేసింది. అక్కకి కూడా కూర్చోవడం అలవాటైంది, రెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

మూడు ప్రింట్లు తీశాను. ఫ్యాక్టరీకి ఒకటి పట్టుకెళ్ళి సూపర్‌వైజర్‌కి చూపించాను. "చెప్పుల పెట్టెతోనా!" అన్నాడు. నోరు మూతపడింది వెధవకి.

జూలై 6

ఇంకా బాగా వచ్చింది. కళ్ళు కూడా. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పెట్టెలో ఏ మార్పూ చేయలేదు. నా చెయ్యి కుదిరింది, అంతే.

జూలై 13

మేనకోడలు వచ్చింది, నాలుగు రోజులు సెలవు పెట్టుకుని. వచ్చీ రాగానే తల్లి పక్కన చేరి ఫోన్‌తో టకటకా ఫోటోలు. అక్క చెయ్యి చాచి, "ఏదీ, ఎలా వచ్చాయో చూడనీ" అని ఫోన్ తీసుకుని అన్నీ తుడిచేసి తిరిగిచ్చింది.

"అమ్మా! ఏంటిది?"

"ముక్కులో గొట్టంతో నా ఫోటో ఒక్కటి కూడా ఉండకూడదు. ముప్పై ఏళ్ళు ఎంతమందిని తయారుచేశానే నేను! నన్ను మాత్రం గొట్టంతో గోడకెక్కిస్తారా?"

గోడ మాట ఎందుకు తెచ్చిందో! మేనకోడలి కళ్ళు నిండిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. గోడా లేదు, గాడిదగుడ్డూ లేదు అన్నాను.

పాత ఫోటోల కోసం ఇల్లంతా గాలించాం. అక్క ఉన్నవి ఉన్నాయి, కానీ అన్నిట్లోనూ ఎవరో ఒకరి తల వెనకాల సగం మొహం, నోట్లో దారం, చేతిలో కత్తెర. తనకంటూ దిగిన ఫోటో ఒక్కటీ లేదు. జూన్, జూలైలో నేను తీసిన వాటిలో గొట్టం తెల్లగా, సన్నగా, ఎంత స్పష్టంగా ఉందో. బెజ్జం మంచిదైతే వచ్చే తిప్పలు ఇవే.

"గొట్టం తీసి ఒక్క ఫోటో తీసుకుందాం అమ్మా. నా ఫోన్‌లో. ఒక్క సెకను."

"నీ ఫోన్ వద్దు. వాడి పెట్టెలో దిగుతాను. వాడు నన్ను సరిగ్గా పట్టుకోవాలని ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాడు."

సెకనులో అయిపోయే పనికి నా పెట్టె రెండు నిమిషాలు తీసుకుంటుందని నాకు తెలుసు. అక్క నన్నే అడిగినందుకు లోపల్లోపల పొంగిపోయాను. ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను.

జూలై 20

నర్సు రోజూ పొద్దున వచ్చి వెళ్తోంది. అక్క వేలికి క్లిప్పు పెట్టి నంబరు చూసి, మెషిన్ మీద ఏదో తిప్పి, నోట్ చేసుకుంటుంది. పెదాలు, గోళ్ళు నీలంగా మారుతున్నాయేమో చూస్తూ ఉండమని నాకు కూడా నేర్పింది.

ఇవాళ నా గదిలోకి వచ్చింది, పక్క బాత్రూమ్‌లో చేతులు కడుక్కోవడానికి. తీగ మీద క్లిప్పులతో వేలాడదీసిన ప్రింట్లు వరసగా చూసింది. మే నుంచి ఇప్పటిదాకా తేదీల ప్రకారం పెట్టుకున్నాను.

"ఇవన్నీ మేడమ్ గారేనా సార్?"

"అవును. మొదట్లో పొగ, చివరికొచ్చేసరికి చూడండి. నా పని ఎంత మెరుగుపడిందో!"

ఆమె ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.

"మెరుగుపడటం కాదు సార్. మేడమ్ కదలడం లేదు. నా చార్టు కూడా ఇదే చెబుతోంది. నాకు ఇది చూస్తే భయంగా ఉంది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఫోటోల గురించి మీకేం తెలుసండీ, ముందు ఆ చేతులు కడుక్కోండి అన్నాను. పాపం, కడుక్కుని వెళ్ళిపోయింది.

జూలై 21

బెజ్జం వల్లే. ఫోమ్ వల్ల కూడా.

జూలై 27

తీగ మీదివన్నీ తీసి కవర్లో పెట్టేశాను. దుమ్ము పడుతోంది.

ఆగస్టు 3

అక్కకి జ్వరం వచ్చి తగ్గింది. బయటి నుంచి ఏదీ అంటకూడదని నర్సు ఇంట్లో కూడా మాస్కులు తప్పనిసరి చేసింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మాస్కే. అక్కకి దూరంగా ఉన్నప్పుడు కూడా తీయబుద్ధి కావడం లేదు. నా మూలంగా ఏదైనా అయిందంటే?

అక్క మంచం దిగి పార్లర్ కుర్చీ దాకా రావాలంటే గోడ పట్టుకుని రెండుచోట్ల ఆగుతోంది. మాటలు తగ్గాయి. నేను మాట్లాడుతున్నాను ఇప్పుడు, ఫ్యాక్టరీ గొడవలన్నీ. ఇంత వాగుడుకాయనని నాకే తెలియదు.

పెట్టెలో వాడే మెరుపు కాగితం అయిపోయింది. దుకాణంలో ఉన్నది మెరుపులేని రకం ఒక్కటే, తీసుకొచ్చాను. రెండువైపులా ఒకేలా ఉంటుంది, వేలికి తేడా తెలియదు. పెదవి తడిచేసుకుని మూలకి ఆనిస్తే మందు పూసిన వైపు కొంచెం అంటుకుంటుంది, ఫోటో పడేది ఆ వైపే. నా గురువు నేర్పిన పద్ధతి. ఎర్రబల్బు వెలుగులో కూడా ఇంతకు మించిన దారి లేదు.

ఆగస్టు 9

"రేపు ఫోటో తీసేయరా" అంది అక్క.

"నెమ్మదిగా తీద్దాంలే, కాస్త కోలుకో."

"రేపు. నర్సు రాకముందు. ఆవిడ ఉంటే గొట్టం తీయనివ్వదు. మెషిన్ కూడా ఆపేయ్, నీ బల్ల వణకకుండా ఉంటుంది."

అక్క ఎప్పుడు గమనించిందో బల్ల సంగతి. బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు గొట్టం తీస్తూనే ఉంది కదా, రెండు నిమిషాలకి ఏమవుతుంది అనుకున్నాను. ఇప్పుడు కూడా అదే అనుకుంటున్నాను.

ఆగస్టు 10

వరసగా రాయాలి. వరసగా రాస్తే నాకే అర్థమవుతుందేమో.

పొద్దున లేచేసరికి అక్క మంచం మీద కూర్చుని చిన్న అద్దం ముందు పెట్టుకుని తయారవుతోంది. పౌడరు పూసుకుని ఆగింది. ఒక కనుబొమ దిద్దుకుని ఆగింది. ఎంతసేపు పట్టిందో. చివర్న పెదాలకి రంగు వేసుకుంది, ముదురు ఎరుపు. "ఎలా ఉన్నాన్రా?" అంది. బాగున్నావు అన్నాను. నిజంగా బాగుంది. మే నెలనాటి అక్కలాగే ఉంది.

నేను బాత్రూమ్‌లో తలుపు వేసుకుని పెట్టెలో కాగితం పెట్టాను. అక్కని కుర్చీలో కూర్చోబెట్టాను. ఎండ కుర్చీ మీద బాగా పడుతోంది. జుట్టు ఒక పాయ ముందుకి లాక్కుంది. "ఆఁ, కానివ్వు."

మెషిన్ ఆపాను. ఆ గురగుర ఆగిపోయేసరికి ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అనిపించింది. గొట్టం తీశాను. ముక్కు పక్కన అది నొక్కిన గుర్తుని అక్క పౌడరుతో అద్దుకుంది. నేను నల్లటేపు తీశాను.

అక్క కదల్లేదు. నన్నే చూస్తూ కూర్చుంది, బెజ్జాన్ని కాదు. దగ్గు వచ్చినట్టు గొంతు కదిలింది, మింగేసుకుంది. ఆ మింగడం నేను చూశాను. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఇంత కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

సగంలో మబ్బు వచ్చింది.

గదంతా ఒక్కసారి మసకేసింది. ఎండ పోయిందంటే రెండు నిమిషాలు చాలదు, నాలుగు కావాలి. టేపు అతికించి ఆపేయాలి. ఇంకోరోజు తీయాలి. నాకు తెలుసు. అక్క నా మొహం చూసి, తల కదపకుండా, కళ్ళతోనే, కానివ్వు అంది. అన్నదనే అనుకుంటున్నాను. నేను ఆపలేదు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ గోడగడియారం చూస్తూ నిలబడ్డాను. అక్కని చూడలేదు, గడియారాన్ని చూశాను.

టేపు అతికించి తిరిగేసరికి అక్క కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉంది. మెషిన్ ఆన్ చేశాను, గొట్టం పెట్టాను, పెట్టడం రాలేదు, మళ్ళీ పెట్టాను. గోళ్ళు నీలం. పెదాలు ఎర్రగానే ఉన్నాయి, రంగు వేసుకుంది కదా. మబ్బు పట్టినప్పుడు అవి చూసే నేను ధైర్యం చేశాను.

ఊపిరి అందింది. నెమ్మదిగా. మంచం మీదికి ఎత్తుకుని తీసుకెళ్ళాను. ఏమీ బరువు లేదు. నర్సు వచ్చి క్లిప్పు పెట్టి, నంబరు చూసి, మెషిన్ చివరిదాకా తిప్పింది. ఏం జరిగింది సార్ అంది. బాత్రూమ్‌కి వెళ్ళింది, ఆలస్యమైంది అన్నాను. నర్సు అక్క పెదాల రంగు చూసింది, నన్ను చూసింది.

ఆమె వెళ్ళాక కాగితం కడిగాను. డెవలపర్‌లో వేసి ట్రే ఊపుతూ కూర్చున్నాను. ఏమీ రాలేదు. మందు చల్లబడిందేమో అనుకున్నాను. ఇంకాసేపు ఊపాను. తెలుపు. మూలల్లో కూడా ఏమీ లేదు, కుర్చీ కూడా లేదు. అప్పుడు మాస్కు లాగేసి కాగితం మూలని పెదవికి ఆనించాను. బెజ్జానికి ఎదురుగా పెట్టిన వైపు అంటుకోలేదు.

తిరగేసి పెట్టాను.

మాస్కు ఉంది మొహానికి. పెదవితో చూడలేదు. వేలితో తడిమి ఇదే అనుకున్నాను. మాస్కు కిందికి లాగి ఒక్క క్షణం చూసుకోవడానికి నాకేం రోగం! బాత్రూమ్‌లో ఒక్కడినే కదా ఉన్నాను!

బయటికి వచ్చాను. అక్క కళ్ళు తెరిచే ఉంది.

"ఎలా వచ్చాను?"

"బ్రహ్మాండంగా."

"మరి నీ మొహమేంటి అలా ఉంది?"

"మందుల ఘాటు."

అక్క చాలాసేపు నా మొహం చూసింది. "ఊఁ" అంది. కళ్ళు మూసుకుంది.

ఆగస్టు 11

ఆసుపత్రిలో చేర్చాం. తెల్లారకముందే నంబరు పడిపోయింది. డాక్టరు అన్నాడు, ఈ జబ్బులో ఇలాగే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారిగా దిగజారుతుంది, ఇవాళ కాకపోతే వచ్చే నెల అని. నేను అడగకుండానే అన్నాడు. నిన్న పొద్దున జరిగింది ఆయనకి చెప్పలేదు.

ఆగస్టు 12

ఇప్పుడు ముక్కులో గొట్టం కాదు, మొహమంతా కప్పేసే మాస్కు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

మాస్కు లోంచి, "చెప్పు. ఎలా వచ్చాను?" అంది.

"ఆరుతోందక్కా, ఇంటి దగ్గర. మెరుపులేని కాగితం, నెమ్మదిగా ఆరుతుంది."

"చూపించనక్కర్లేదు. చెప్పు."

చెప్పాను. ఎడమ కనుబొమ కుడిదానికన్నా కాస్త పైకి ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే. జుట్టు పాయ చెంప మీదికి పడింది, ఒక్కొక్క వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. గొట్టం నొక్కిన గుర్తు అసలు లేదు. నోరు మూసుకునే ఉన్నావు గానీ ఏదో అనబోతున్నట్టు ఉన్నావు. చెబుతుంటే నాకే అది కనిపించడం మొదలైంది. కాగితం నిజంగా ఇంట్లో ఆరుతున్నట్టు అనిపించింది.

"లావుగా పడ్డానా?"

"లేదు."

"అబద్ధాలకోరు" అంది. కళ్ళు నవ్వాయి.

ఆగస్టు 13

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఇవాళ కళ్ళ గురించి ఎక్కువ చెప్పాను.

ఆగస్టు 14

మేనకోడలు వచ్చేసింది. తల్లీకూతుళ్ళిద్దరినీ వదిలి టీ తాగడానికి కిందికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. చెప్పేయాలి. అక్కా, కాగితం తిరగేసి పెట్టాను, నువ్వు ఊపిరి బిగబట్టి కూర్చున్నదంతా గంగపాలయింది అని చెప్పేయాలి. పైకి వెళ్ళేసరికి అక్క నిద్రపోతోంది. రేపు చెబుతాను.

ఆగస్టు 15

నిద్రలోనే ఉంది.

ఆగస్టు 16

అయిపోయింది.

ఆగస్టు 18

డాక్టరు అన్నాడు కదా, ఇవాళ కాకపోతే వచ్చే నెల అని. వచ్చే నెల అంటే ఇంకో నెల ఉండేది.

ఆగస్టు 20

అన్ని పనులూ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, మేనకోడలు మాత్రం ఉంది. మెషిన్ వాళ్ళు వచ్చి మెషిన్ పట్టుకెళ్ళారు. బల్ల ఇప్పుడు వణకదు. మంచి ఫోటోలు తీసుకోవచ్చు! ఛీ.

మధ్యాహ్నం మేనకోడలు పార్లర్ కుర్చీలో కూర్చుని, "మామయ్యా, అమ్మ ఫోటో ఇస్తే రేపు ఫ్రేమ్ కట్టిస్తాను" అంది. ప్రింటు తీయాలమ్మా, రేపు ఇస్తాను అన్నాను.

జూలైలో తీసిన కాగితం నెగటివ్ బయటికి తీశాను. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు అని రాసుకున్నది. దాంట్లో గొట్టాన్ని బ్లేడు మొనతో గీకేసి, ఇదే ఆ ఫోటో అని ఇచ్చేద్దామనుకున్నాను. ముక్కు కింద దాకా బాగానే వచ్చింది. చెంప దగ్గర చెయ్యి జారి కాగితం చిరిగింది. ఉన్న ఒక్క మంచి మొహమూ పోయింది. నా చేతులు నరికేయాలి.

ఆగస్టు 21

బాత్రూమ్‌లో ఉన్నాను. తలుపు గడియ పెట్టుకుని, ఎర్రబల్బు కింద, బోర్లించిన బకెట్ మీద కూర్చుని రాస్తున్నాను. ప్రింటు తీస్తున్నానని, తలుపు తీస్తే కాగితం పాడైపోతుందని చెప్పి వచ్చాను.

మేనకోడలు తలుపు అవతలే కుర్చీ వేసుకుంది.

"తొందరేం లేదు మామయ్యా. ఇక్కడే కూర్చుంటాను. లోపల నాకు తోచడం లేదు."

ఇంత అమాయకంగా మాట్లాడుతుంటే ఏం చెప్పను ఈ పిల్లకి? మీ అమ్మ ఊపిరి తీసి ఒక తెల్లకాగితం చేశానని చెప్పనా? నా పెట్టె మీద మోజుతో, నీ ఫోన్‌లో సెకనులో అయ్యేదాన్ని నాలుగు నిమిషాలు చేశానని చెప్పనా? ట్రేలు ఖాళీగా ఉన్నాయి. నీళ్ళు కూడా పోయలేదు. చప్పుడు కోసం కుళాయి కాస్త తిప్పాను.

"మామయ్యా."

"ఆఁ."

"నిజం చెప్పనా? ఆ రోజు గొట్టం తీశారని నర్సు చెప్పింది. నీ మీద బోలెడంత కోపం వచ్చింది. ఆసుపత్రికి వచ్చింది నీతో పోట్లాడదామనే. అమ్మ వద్దంది."

కుళాయి ఇంకాస్త తిప్పాను.

"నువ్వు టీకి వెళ్ళావు చూడు, అప్పుడు. మాస్కు పక్కకి జరుపుకుని మరీ చెప్పింది. ఫోటో చూశానే, వాడు తెచ్చి చూపించాడు, ఇన్నాళ్ళకి నన్ను పట్టుకున్నాడే అంది. నా చెయ్యి పట్టుకుని, వాణ్ణి ఒక్క మాట కూడా అనకు, నా కోసమే తీశాడు, చాలా బాగా వచ్చింది, నేను చూశాను కదా అంది. రెండుసార్లు అంది మామయ్యా, చూశాను అని."

నేను అక్కకి ఏదీ చూపించలేదు. చూపించనక్కర్లేదు, చెప్పు అని అడిగింది తనే.

అక్కకి తెలుసు. నేను బాత్రూమ్ తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడే తెలుసు. తెలిసి రోజూ ఎలా వచ్చాను అని అడిగింది, తెలిసి నన్ను చెప్పనిచ్చింది, తెలిసి కూతురికి చూశానని చెప్పింది. అక్కా, ఎందుకే ఇలా చేశావు? నన్ను తిట్టి పోయి ఉండొచ్చు కదా.

"ఏడుస్తున్నావా మామయ్యా?"

"లేదమ్మా. మందుల ఘాటు."

"సరే. అయ్యాకే రా. నేనెక్కడికీ వెళ్ళను."

కుళాయి కట్టేశాను. అవతల కుర్చీ కదిలిన చప్పుడు లేదు, అక్కడే ఉంది. నేను ఇంకా తలుపు తీయలేదు.